గుట్టల లెక్క, ఊటల లెక్క

నల్లగొండ అనే పేరులోనే కొండ ఉన్నది. అంతకు పూర్వం ఆ ఊరిని నీలగిరి అనేవారు. అందులోనూ గిరి ఉన్నది. పట్టణానికి కాపలా కాస్తున్నట్లు నిలిచిన లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గాకు ఉర్సు దినాల్లో కుల మత భేదం లేకుండా జనం ఎక్కిపోతారు. ఇక 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేర మహబూబ్‌నగర్ అయిన పాలమూరు సంగతి చూస్తే, ఆ జిల్లాకు ఆగ్నేయాన, కృష్ణ ఒడ్డున, నల్లమలలోని అమరాబాదు గట్లు గోడ కట్టినట్లు నిలిచి ఉన్నవి. ఆ గట్ల మీదనే ఫరహాబాదు ఉన్నది. ఫరహ్ అంటే సంతోషమని ఉర్దూ తెలిసిన మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 2016లో జిల్లాల విభజన జరిగి అమరాబాదు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరింది. నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి వేరుపడినవి. అయినా ఈ వ్యాసంలో మేము పాత ఉభయ జిల్లాలనే లెక్కలోకి తీసుకొంటున్నాము. గుట్టలకు, వాగులకు జిల్లా హద్దులు తెలియవు గదా!

మన సీమలో గుట్టలకు కరువు లేదు, నీళ్ళకే కరువు. సాలుకు పడే వాన పాలమూరు వైపు సుమారు 600 మిల్లీమీటర్లు, నల్లగొండ వైపు సుమారు 750. అదైనా నాలుగు నెలల్లో పడి పోయేదే. అందుకని ఇక్కడ గుట్ట ఎంత ఎత్తు అని అడిగేవారి కంటే, ఆ గుట్ట కింద ఊట ఉన్నదా, ఎండాకాలం నిలుస్తదా అని అడిగేవారే ఎక్కువ.

ఈ గుట్టలను కొలిచి నక్షాలు గీసిన చరిత్ర రెండు వందల ఏళ్ళకు పైబడినది. ఆ చరిత్రలో ఎత్తులు కొలిచిన దొరల పేర్లు పుస్తకాలకెక్కినవి. నీళ్ళున్న చోటు చూపించి, జెండా పట్టి, యంత్రం మోసిన మన వారి పేర్లు ఆ పుస్తకాలలో వెదికితే గాని దొరకవు. గుట్టల లెక్క తెలిసినవారు, ఊటల లెక్క తెలిసినవారు ఒకచోట కూర్చొననప్పుడల్లా ప్రాణనష్టమే జరిగిందని చరిత్ర చెబుతున్నది. మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా చదువుకొంటున్న మన పిల్లలకు, ఈ సంగతి మనవి చేయడమే మా ఉద్దేశం.

కొలత మన గుట్టలకు వచ్చిన విధం

పదునెనిమిదవ శతాబ్దం చివర నిజాం రాజ్యంలో ఇంగ్లీషు కంపెనీ పటాలం ఉండేది. ఆ పటాలానికి ఇంజనీరుగా, సర్వేయరుగా 1792 ప్రాంతంలో వచ్చినవాడు కాలిన్ మెకంజీ. శాసనాలు, కైఫీయతులు సేకరించినవాడుగా తెలుగువారందరికీ పరిచితుడే. ఆయన 1794లో నల్లమల అడవి దాటి శ్రీశైలం పోయి, అక్కడ చూచినదంతా దినచర్యలో రాసుకొన్నాడు. ఆ భాగం 1798లో కలకత్తాలో అచ్చయింది. ఆనాటి నక్షా అంటే దారి నక్షాయే. ఏ ఊరి నుండి ఏ ఊరికి ఎన్ని కోసులు, నడుమ ఏ వాగు, ఏ కనుమ, ఎక్కడ మజిలీ చేయవచ్చును అన్నదే అందులో ముఖ్యం. మజిలీ అంటే నీళ్ళున్న చోటే. కనుక ఆ దారి నక్షాలలో నీళ్ళకు పెద్ద పీట ఉండేది.

తర్వాత వచ్చిన కొలత వేరు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెంట్ థామస్ కొండ పక్కన విలియం లాంబ్టన్ ఆరంభించిన పని అది. దాని పద్ధతి మన పిల్లలు పాఠశాలలో చదువుకొనే రేఖాగణితమే. ముందుగా చదునైన నేల మీద ఏడెనిమిది మైళ్ళ పొడవున్న ఒక గీతను ఉక్కు గొలుసుతో బహు జాగ్రత్తగా కొలుస్తారు. దీనిని ఆధారరేఖ అంటారు. ఆ గీత రెండు కొసల నుండి దూరాన ఉన్న ఒక గుట్ట శిఖరాన్ని థియోడొలైట్ అనే యంత్రంతో చూచి కోణాలు తీస్తారు. త్రిభుజంలో ఒక భుజము, రెండు కోణాలు తెలిస్తే తక్కిన రెండు భుజాల పొడవు కాగితం మీదనే వస్తుంది. అట్లా వచ్చిన భుజాన్ని పట్టుకొని ఇంకొక గుట్టకు, ఆ గుట్ట నుండి మరొక గుట్టకు, వల అల్లినట్లు దేశమంతా త్రిభుజాలు అల్లుకొంటూ పోయినారు. లాంబ్టన్ వాడిన పెద్ద యంత్రం అర టన్ను బరువు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా అది తాడు తెగి దెబ్బతిన్నది. ఇంత బరువును గుట్ట నెత్తికి చేర్చింది మనుషుల భుజాలే అని చదువరులు గమనించాలి.

1811లో గుత్తి దగ్గర ఒక ఆధారరేఖ, 1815లో బీదరు దగ్గర మరొకటి కొలిచినారు. ఈ త్రిభుజాల వరుస ఇంచుమించు 78వ రేఖాంశం వెంట ఉత్తరానికి సాగింది. నేటి నక్షా తీసి చూస్తే ఆ 78వ రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణాన్ని దాదాపు ఆనుకొనే పోతుంది. భూగోళం ఆకారం ఎంత, ఎట్లాంటిది అని తేల్చిన ప్రపంచ ప్రసిద్ధమైన కొలతకు మన పడమటి తాలూకాలే దారి అయినవన్న మాట. 1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అని పేరు పెట్టి కలకత్తా ప్రభుత్వం నేరుగా తన కిందికి తీసుకొన్నది. లాంబ్టన్ తన చివరి ఏళ్ళలో హైదరాబాదునే మకాంగా చేసుకొన్నాడు. 1823 జనవరిలో నాగపూరు పోతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూసినాడు.

ఇక్కడ ఒక తేడా ఉన్నది. దారి నక్షాకు నీళ్ళు కావాలి. త్రిభుజాల నక్షాకు శిఖరాలు కావాలి. గుట్ట నెత్తి నుండి చూస్తే తక్కిన గుట్టల నెత్తులు కనబడతవి గాని, లోయలో బండ కింద పుట్టే ఊట కనబడదు. కొలత సూక్ష్మమైన కొద్దీ, నీళ్ళ విషయం స్థానికులను అడిగి తెలుసుకోవలసిన పనిగా పక్కకు పోయింది.

జెండా పట్టినవారు

సర్వే దండులో దొర ఒకడు, ఇద్దరు ముగ్గురు సహాయకులు. తక్కినవారంతా ఈ దేశపు మనుషులే. యంత్రం మోసేవారు, గుట్ట మీద జెండా పాతి కదలకుండా నిలిపేవారు, గొలుసు లాగేవారు, దూరపు శిఖరం కనబడేందుకు అడ్డమొచ్చిన చెట్లు కొట్టేవారు — వీరందరిని ఖలాసీలు, లష్కర్లు అనేవారు. ఊరి పెద్దలతో మాట్లాడేందుకు మున్షీలు, జాబులు చేరవేసేందుకు హర్కారాలు ఉండేవారు. ఖలాసీ, మున్షీ, హర్కారా, నక్షా, జరీబు — ఈ మాటలన్నీ మన ఇళ్ళల్లో వాడుకలో ఉన్నవే. భూమి లెక్కల్లో నేటికీ తెలంగాణ రైతు పహాణీ, సేత్వారు, ఖాస్రా, వసూల్‌బాకీ అంటాడు. అతని కులం ఏదైనా, మతం ఏదైనా, నేలను కొలిచే భాష మాత్రం అందరికీ ఉమ్మడి.

ఈ ఖలాసీలు పడిన పాట్లకు 1819 సంవత్సరం ఒక నిదర్శనం. లాంబ్టన్‌కు సహాయకుడుగా 1818 చివర హైదరాబాదు చేరినవాడు జార్జి ఎవరెస్టు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి 1865లో పెట్టిన పేరు ఈయనదే. ఆయనకు అప్పగించిన మొదటి పని కృష్ణా గోదావరుల నడిమి అడవి సీమను కొలవడం. వాన పడి దుమ్ము అణగిన తర్వాత గాలి తేటగా ఉంటుంది, దూరపు గుట్టలు స్పష్టంగా కనబడతవి. అందుకని ఆయన వానాకాలాన్నే ఎంచుకొన్నాడు. ఆ కాలంలో ఆ అడవిలో జ్వరం ఉంటుందని స్థానికులకు తెలుసు. దండు అడవిలో ఉండగానే జ్వరం అంటుకొన్నది. దాదాపు 150 మంది మంచం పట్టినారు. దొరా పడిపోయినాడు, అతనితో ఉన్న వైద్యుడు వాయిసీ కూడా పడిపోయినాడు. హైదరాబాదు నుండి పల్లకీలు, డోలీలు, ఏనుగులు, ఒంటెలు పంపించి వారిని మోసుకొని తెచ్చినారు. పట్నం చేరేలోపల 15 మంది దారిలోనే ప్రాణాలు విడిచినారు. ఎవరెస్టు 1820లో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికా కేపుకు పోయినాడు. ఖలాసీలకు కేపు ఎక్కడిది?

దోమ కుట్టడం వల్ల ఈ జ్వరం వస్తుందని ఆనాడు ఎవరికీ తెలియదు. ఆ రహస్యం బయటపడింది కూడా మన దగ్గరనే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినాడు. అయితే కారణం తెలియకున్నా, వానాకాలం ఆ అడవిలో మకాం చేయరాదన్న సంగతి అక్కడి జనానికి అనుభవంలో ఉన్నదే. తర్వాతి కాలంలో ఎవరెస్టు కూడా ఆ పద్ధతి మానుకొని, చలికాలపు రాత్రులు దీపాలు వెలిగించి కోణాలు తీసే విధానానికి మారినాడు.

ఈ సర్వే చరిత్రలో పేరు నిలిచిన మన వాడొకరున్నారు. ఆయన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. స్వస్థలం ఆర్కాటు. మద్రాసులో నగల దుకాణంలో పనిచేస్తుండగా ఆయన చేతిపనితనం సర్వేయర్ జనరల్ బ్లాకర్ కంటపడింది. 1824 ప్రాంతంలో కలకత్తాకు పిలిపించి కొలత యంత్రాల మరమ్మతులో పెట్టినారు. తర్వాత ఎవరెస్టు ఆయనను తన వెంట తీసుకొన్నాడు. ఇంగ్లండు నుండి వచ్చిన యంత్ర నిపుణుడు వెళ్ళిపోయిన తర్వాత ఆ స్థానం ఖాళీ అయింది. స్వదేశస్థునికి అంత పదవి ఏమిటని అభ్యంతరాలు వచ్చినా ఎవరెస్టు పట్టు విడువలేదు. 1843లో మొహ్సిన్ హుస్సేన్‌కే గణిత పరికరాల నిర్మాత పదవి దక్కింది. ఆయన మన జిల్లాలకు వచ్చినవారు కారు. అయినా దొరతనం వారి దగ్గర సిఫారసు కంటే చేతి నేర్పు గొప్పదని రుజువు చేసిన మనిషిగా మన పిల్లలు ఆయన పేరు తెలుసుకోవాలి.

ఊట ఎక్కడ పుడుతుంది

జ్వరం నుండి కోలుకొన్న వాయిసీ వైద్యుడే గాక రాళ్ళ శాస్త్రం తెలిసినవాడు. భారతదేశపు భూగర్భ శాస్త్రానికి ఆద్యుడని ఆయనను అంటారు. నల్లమలలను, వజ్రాల గనులను గురించి ఆయన రాసిన వ్యాసం, ఆయన 1824లో మరణించిన తర్వాత, 1825లో అచ్చయింది. గుట్టను ఎత్తుతో కాక రాతితో చదవడం అక్కడి నుండి మొదలయింది.

ఊటల సంగతి అర్థం కావాలంటే ఆ రాతి సంగతే తెలియాలి. నల్లగొండ, పాలమూరు మైదానాల్లోని గుండ్రటి బోడగుట్టలు నల్లరాతివి, అంటే గ్రానైటు. ఆ రాయి నీళ్ళను పీల్చదు. పైన మెత్తబడిన మొరం పొరలోనూ, బండ పగుళ్ళలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకని ఇక్కడ బండల మీద దొనలు, గుట్ట కింద కుంటలు, ఆ కుంటల కింద మోటబావులు — ఇదే మన పూర్వుల ఏర్పాటు. అమరాబాదు గట్ల సంగతి అట్లా కాదు. అక్కడ పైన గట్టి ఇసుకరాతి జాతి పొరలు చాపలు పరచినట్లు ఉన్నవి. వాటి నిండా నిలువు పగుళ్ళు. వాన నీరు ఆ పగుళ్ళ గుండా దిగిపోయి, కింద నీరు దిగనివ్వని పలకరాయి గాని నల్లరాయి గాని తగిలినచోట ఆగి, పక్కకు మళ్ళి, గట్టు అంచున బండ కింద నుండి ఊటగా బయటికి వస్తుంది. గట్టు మీద ఎండకు ఆకు కూడా నిలువని వేసవిలో, కింది లొద్దిలో నీళ్ళు కారుతుండడానికి కారణం ఇదే.

అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంలో బండ కింద నుండి ఏడాది పొడుగునా నీరు వస్తుంది. వటవర్లపల్లి దాటిన తర్వాత మల్లెలతీర్థం, అడవి నడుమ లోయలో సలేశ్వరం — ఇవన్నీ ఇట్లాంటి ఊటలే. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. అంటే మైదానంలో బావులు అడుగంటే రోజులకు. నీళ్ళున్నచోట దేవుణ్ణి తలచుకోవడం ఏ మతం వారికైనా సహజమే.

ఈ ఊటల లెక్క సంపూర్ణంగా తెలిసినవారు చెంచులు. వారి పెంటలు ఎక్కడ ఉన్నవో చూస్తే నీళ్ళు ఎక్కడ ఉన్నవో తెలుస్తుంది. హైదరాబాదు రాజ్యానికి వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అమరాబాదు గట్ల మీద వారితో కలిసి ఉండి, వారిని గురించి రాసిన గ్రంథం 1943లో వెలువడింది. ఎండలు ముదిరిన కొద్దీ చెంచులు నీళ్ళున్న చోటికి మకాం మార్చుకొంటారని ఆయన గమనించినాడు. ఆ మార్పిడి చెంచులకు కాగితం లేని నక్షా. ఏ ఊట ఏ నెలలో ఎండుతుంది, ఏది ఎండదు అన్నది తండ్రి నుండి కొడుక్కు నడకలోనే వచ్చిన విద్య.

సర్వే ఆఫ్ ఇండియా వారి నక్షాలోనూ దీనికొక గుర్తు ఉన్నది. ఏడాది పొడుగునా నీరుండే వాగును నీలి రంగులో, ఎండిపోయే వాగును నల్ల రంగులో గీస్తారు. పాత వరుసలో మన సీమకు చెందిన 56 ఎల్, 56 ఓ, 56 పి నంబర్ల కాగితాలు తీసి చూడండి. గట్ల ఎత్తు చూపే గోధుమరంగు గీతలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటవి. వాగులు మాత్రం చాలావరకు నలుపే. ఆ నలుపేదో, నీలమేదో నిర్ణయించాలంటే ఒక ఋతువులో వచ్చిపోయే సర్వేయరు పక్క ఊరి మనిషిని అడగవలసిందే. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాది పడి, 1967లో నీళ్ళు వదిలిన తర్వాత కృష్ణ లోయలో ఏలేశ్వరం వంటి ఊళ్ళు మునిగినవి. ఆ ఊళ్ళ బావులు, ఆ దారుల మజిలీలు పాత నక్షాలలోనే మిగిలినవి.

దాగిన నీళ్ళ విద్య

గుట్టను కొలవడం, నీటిని వెదకడం రెండూ ఒకే విద్యగా నేర్చినవారు చరిత్రలో లేకపోలేదు. సుమారు వెయ్యేళ్ళ కింద, 1017 ప్రాంతంలో, అల్ కరజీ అనే గణితవేత్త దాగిన నీళ్ళను వెలికి తీయడం గురించి అరబ్బీలో ఒక గ్రంథం రాసినాడు. ఎట్లాంటి కొండ కింద నీరుంటుంది, ఏ మొక్క నీటికి గుర్తు, నేల వాలును ఏ పరికరంతో కొలవాలి, భూమి లోపల కాలువను దారి తప్పకుండా ఎట్లా తవ్వాలి అన్నవన్నీ అందులో ఉన్నవి. వాన తక్కువ, కొండ ఎక్కువ అయిన ఇరాన్ దేశంలో కొండ కిందినుండి ఊళ్ళకు నీరు తెచ్చిన భూగర్భ కాలువల విద్య అది. వాటిని ఖనాత్ అనీ, కారేజ్ అనీ అంటారు.

ఆ విద్య మన దక్కనుకు వచ్చింది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న బీదరులో, బహమనీ సుల్తానుల కాలంలో, అంటే పదిహేనవ శతాబ్దంలో, నౌబాదు కారేజ్ తవ్వినారు. బీదరు పీఠభూమి పైపొర జేగురు రాయి. అది నీళ్ళను పీల్చుకొంటుంది. కింద ఉన్నది నీరు దిగనివ్వని నల్లరాయి. రెండింటి సందున నిలిచిన నీటిని సొరంగంలో, వాలు తప్పకుండా, వరుసగా గాలి బావులు పెట్టుకొంటూ తెచ్చినారు. అమరాబాదు గట్ల ఊటకూ దీనికీ సూత్రం ఒక్కటే. లాంబ్టన్ 1815లో ఆధారరేఖ కొలిచింది ఆ బీదరు సీమలోనే. ఆయన గొలుసు నేల పైభాగాన్ని కొలిచింది; అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు వచ్చిన ఆ పనివారు నేల లోపలిని కొలిచినారు.

నక్షాకు అందని నీరు

నల్లగొండ జిల్లా పేరు దేశమంతటా తెలిసింది ఒక జబ్బు వల్ల అంటే మనకు బాధే. నల్లరాతిలోని ఫ్లోరైడు నీళ్ళలో కరిగి, ఆ నీళ్ళు తాగినవారి పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి, పాతికేళ్ళకే ముసలితనం వచ్చిన కుటుంబాలు మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపుల ఎన్నో! 1940లలోనే నిజాం రాజ్యపు వైద్యులు దీనిని గుర్తించినారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 1970లలో నాగపూరు జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటిని బాగుచేసే పద్ధతి ఒకటి రూపొందించినారు. దానికి లోకమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. నక్షాలో బావికి ఒక నీలి సున్నా ఉంటుంది. ఆ సున్నా లోపలి నీరు తాగవచ్చునా, తాగరాదా అన్నది ఆ నక్షా చెప్పదు. పాత లోతులేని బావుల్లో లేని బెడద, లోతుకు పోయిన బోర్లలో ముదిరిన ఊళ్ళూ ఉన్నవి.

ఈ ఫ్లోరైడు పల్లెలకు కృష్ణ నీళ్ళు అందించాలనే సదుద్దేశంతోనే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం తలపెట్టినారు. శ్రీశైలం జలాశయం నుండి అమరాబాదు గట్ల కింద సుమారు 44 కిలోమీటర్లు తవ్వుకొంటూ పోవలసిన పని. 2025 ఫిబ్రవరి 22న, దోమలపెంట వైపు ముఖద్వారం నుండి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీరు, బురద ఒక్కసారిగా ముంచుకొచ్చినవి. ఎనిమిది మంది లోపలనే చిక్కుకొన్నారు. వారు జార్ఖండు, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్మూకాశ్మీరుల నుండి పొట్టకూటికి వచ్చినవారు. నిమిషానికి వేల లీటర్ల ఊట నీరు వస్తుంటే రక్షణ దళాలు రోజుల తరబడి పోరాడినవి. మార్చి నెలలో ఇద్దరి మృతదేహాలు దొరికినవి. 1819లో ఖలాసీలు పోయినట్లే 2025లోనూ పోయింది చేతిపని చేసుకొనేవారే.

ఆ గట్టు లోపల ఎక్కడ పగులు ఉన్నదో, ఎక్కడ నీరు నిలిచి ఉన్నదో పైనుండి తెలుసుకొనేందుకు అదే ఏడాది నవంబరులో హెలికాప్టరుకు విద్యుదయస్కాంత పరికరం కట్టి గట్ల మీద తిప్పినారు. హైదరాబాదులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు ఈ పనిలో ఉన్నారు. లాంబ్టన్ కాలంలో నేల పైభాగానికి జరిగిన కొలత ఇప్పుడు నేల లోపలికి జరుగుతున్నదన్న మాట. మంచిదే. కాని మల్లెలతీర్థం, సలేశ్వరం ఊటలు ఆ గట్ల కింద నీళ్ళున్నవని యుగాలుగా చెబుతూనే ఉన్నవి. 2019లో యురేనియం అన్వేషణకు నల్లమలలో బోర్లు వేస్తారన్నప్పుడు చెంచులు, చుట్టుపక్కల జనం ముందుగా ఎత్తిన మాట కూడా నీళ్ళదే. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

మనం చేయదగిన పని

నీళ్ళ విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. సఫా, మర్వా అనే రెండు గుట్టల నడుమ, దప్పిగొన్న పసిబిడ్డ కోసం తల్లి హాజిరా పెట్టిన పరుగునే మన హాజీలు నేటికీ సయీగా పాటిస్తున్నారు. ఆ తల్లి పరుగుకు ఫలం జమ్‌జమ్ ఊట. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ సొంత సొమ్ముతో కొని అందరి తాగునీటికి వక్ఫు చేసిన సంగతి మన పిల్లలందరికీ తెలిసినదే. మన ఉభయ జిల్లాల్లోనూ పూర్వులు ఈ బాటనే నడిచినారు. మసీదు ఉన్నచోట హౌజు, దర్గా ఉన్నచోట బావి, దారి పక్క సరాయి ఉన్నచోట బావడీ. వాటిలో కొన్ని పూడిపోయినవి. కొన్నింటి మీద ఇళ్ళు లేచినవి. కొన్ని నేటికీ నీళ్ళిస్తున్నవి. ఎక్కడ ఏది ఉన్నదో చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. కాగితం మీద లేని బావి, ఆ పెద్దమనిషితోనే పోతుంది.

అందుచేత మన సంఘం తరఫున ఒక చిన్న పని చేపట్టవలసిందిగా సభ్యులను కోరుతున్నాము. ప్రతి ఊరిలోని పాత బావి, దొన, చెలిమె, కుంట, గుట్ట కింది ఊట — మన వక్ఫుదైనా, ఇతరులదైనా, ఊరుమ్మడిదైనా — ఒక పుస్తకంలోకి ఎక్కించాలి. పేరేమిటి, ఎవరు తవ్వించినారు, శిలాశాసనం ఉన్నదా, ఏ నెలలో ఎండుతుంది, నీళ్ళు తియ్యనివా ఉప్పువా, ఫ్లోరైడు పరీక్ష జరిగిందా, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు — ఇంత రాస్తే చాలు. అక్షాంశ రేఖాంశాలు ఈ రోజు ప్రతి పిల్లవాని చేతి ఫోనులోనే కనబడతవి. అందుకోసం అర టన్ను యంత్రం గుట్టెక్కించనక్కరలేదు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తన 250వ ఏట, 2017లో, తన నక్షాలను ప్రజలు ఉచితంగా దించుకొనేందుకు కంప్యూటరులో ఏర్పాటు చేసి దానికి 'నక్షే' అనే పేరు పెట్టింది. ఆ నక్షా మీద మన పుస్తకంలోని బావులను గుర్తు పెట్టుకొంటూ పోతే, గుట్టల లెక్క, ఊటల లెక్క ఒక్క కాగితం మీదికి వస్తవి. మసీదు ఇమాము, గుడి పూజారి, ఊరి నీరటికాడు, పశువుల కాపరి — వీరి నలుగురినీ అడిగితే ఏ ఊరి లెక్కయినా పూర్తవుతుంది. అమరాబాదు వైపు సభ్యులు చెంచు పెద్దలను అడిగి, వారి పేరుతోనే రాయాలి. రెండు వందల ఏళ్ళుగా జరిగిన లోటు మనమూ చేయరాదు.

మన యువకులకూ ఒక మాట. హైదరాబాదు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది. సర్వే, భూగర్భజలాలు, నక్షాల తయారీ — ఈ విద్యలకు రాబోయే కాలంలో గిరాకీ ఎక్కువే గాని తక్కువ కాదు. నగల దుకాణంలో మొదలుపెట్టి దేశానికే యంత్ర నిర్మాత అయిన మొహ్సిన్ హుస్సేన్ వారసులు మన ఇళ్ళల్లో ఉండకపోరు. తల్లిదండ్రులు పిల్లలను ఆ వైపు కూడా ప్రోత్సహించాలని మా మనవి.

రాబోయే ఎండాకాలం లోపల ప్రతి తాలూకా నుండి కనీసం పది బావుల వివరాలు సంఘ కార్యాలయానికి చేరితే, వచ్చే సంచికలో వాటి పట్టికను, చెప్పినవారి పేర్లతో సహా, ప్రచురించవచ్చును. అల్లా మన ప్రయత్నానికి బర్కతు ప్రసాదించుగాక! ఆమీన్.